మేనరికం ఒక్కటే కారణమా? జన్యు సందేహాలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి అడిగాయి: ఇంట్లో ఒకరికి ఉన్న లోపం ఎవరి వైపు నుంచి వచ్చింది, ఇంకెవరికి వస్తుంది? జవాబు ఆ జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉందన్న దాన్ని బట్టి మారిపోతుంది. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త వివరంగా రాశాం. తర్వాతి జవాబులకు అదే పునాది.

నరసాపురం నుంచి ఒక పాఠకుడు: అసిస్టెంట్ లోకో పైలట్ రాతపరీక్ష పాసయ్యాను. మెడికల్లో చుక్కల బొమ్మలు చూపించి వర్ణాంధత్వం ఉందని పక్కన పెట్టేశారు. నాన్నకు, బాబాయిలకు ఇది లేదు. అమ్మ వాళ్ళ నాన్న మాత్రం మిరప చేలో పండు కాయను, పచ్చి కాయను రంగు చూసి విడదీయలేకపోయేవారట. అమ్మ చూపు బాగానే ఉంది. తాతయ్య లోపం అమ్మను వదిలేసి నాకెలా వచ్చింది? మందు ఏదైనా ఉందా?

అమ్మను వదిలేసి రాలేదండి, అమ్మ చేతుల మీదుగానే వచ్చింది. ఆమెలో బయటపడలేదు, అంతే.

మనిషి కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. వీటిలో 22 జతలు ఆడవాళ్ళలో, మగవాళ్ళలో ఒకేలా ఉంటాయి. వీటిని ఆటోసోములు అంటారు. మిగిలిన ఒక్క జతే తేడా: ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు, మగవాళ్ళకు ఒక ఎక్స్, ఒక వై. వై చిన్నది. ఎక్స్ మీదుండే జన్యువుల్లో చాలా వాటికి దాని మీద జోడీ లేదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులను పట్టే జన్యువులు ఎక్స్ చివరి భాగంలో పక్కపక్కనే ఉంటాయి. మీ తాతయ్యకున్న ఒక్క ఎక్స్‌లో అవి చెడ్డాయి. జోడీ లేదు కాబట్టి లోపం బయటపడింది. ఆయన ఆ ఎక్స్‌ను కూతురికి ఇచ్చి తీరాలి, ఎందుకంటే ఆయన దగ్గర ఇవ్వడానికి వేరే ఎక్స్ లేదు. మీ అమ్మకు అమ్మమ్మ నుంచి మరో మంచి ఎక్స్ వచ్చింది కాబట్టి చూపు దెబ్బతినలేదు. ఇలా లోపాన్ని మోస్తూ తనకు బయటపడని స్త్రీని వాహకురాలు అంటారు. ఆమె ప్రతి కొడుకుకీ రెండు ఎక్స్‌లలో ఏదో ఒకటి ఇస్తుంది. మీకు తాతయ్యది దక్కింది. మీకు తమ్ముడుంటే అతనికి మంచిది దక్కి ఉండొచ్చు, అవకాశం సగానికి సగం.

ఇంటి పెద్దలను కూర్చోబెట్టి ఒక కాగితం మీద వంశవృక్షం గీయండి. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు గుండ్రం, లోపం ఉన్నవాళ్ళకు లోపల నలుపు. మూడు తరాలు చాలు. నలుపంతా మగవాళ్ళలోనే ఉండి, వాళ్ళ మధ్య లంకె ఎప్పుడూ ఒక స్త్రీ మీదుగా వెళ్తుంటే ఎక్స్‌ను అనుమానించండి. తండ్రి నుంచి కొడుక్కి నేరుగా దిగి, తల్లి వైపు ఆ లోపం ఎక్కడా లేకపోతే అది ఎక్స్ సంగతి కాదు, ఎందుకంటే తండ్రి కొడుక్కి ఇచ్చేది వై. ఆడా మగా తేడా లేకుండా అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు వచ్చి, తల్లిదండ్రులిద్దరూ బాగుంటే అది ఆటోసోమ్ మీది అంతర్గత లోపం (జన్యువు రెండు ప్రతులూ చెడితేనే బయటపడేది) అయ్యుండే అవకాశం ఎక్కువ. ఈ తేడాను ఈగల్లో పట్టి చూపింది థామస్ హంట్ మోర్గాన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. 1910లో ఆయన ఈగల సీసాలో ఎర్ర కళ్ళ మధ్య ఒక తెల్ల కళ్ళ మగ ఈగ కనిపించింది. దాని సంతానాన్ని లెక్కపెడితే మనవల తరంలో తెల్ల కళ్ళన్నీ మగవాటికే వచ్చాయి.

వర్ణాంధత్వమంతా ఎక్స్ మీదిదే అనుకోకండి. నీలం, పసుపు మధ్య తడబడే అరుదైన రకానికి జన్యువు 7వ క్రోమోజోమ్ మీద ఉంది. అది ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమానంగా వస్తుంది.

మందు లేదు. కంటిలో చుక్కలు వేస్తే పోతుందని, కషాయం తాగితే తగ్గుతుందని ఎవరు డబ్బు అడిగినా ఇవ్వకండి. రంగు అద్దాలు కొన్ని రంగుల మధ్య తేడాను పెంచి చూపుతాయి తప్ప లేని గ్రాహకాన్ని పుట్టించలేవు. అయితే పరీక్ష సరిగా జరిగిందా అన్నది చూసుకోవాలి. ఇషిహరా బొమ్మలను (మీకు చూపించిన చుక్కల బొమ్మలు) పగటి వెలుతురులో, సుమారు 75 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, ఒక్కో బొమ్మకు 3 సెకన్ల లోపు జవాబు చెప్పించాలి. పసుపు బల్బు కింద, వెలిసిపోయిన పుస్తకంతో చేస్తే ఫలితాన్ని నమ్మలేం. మరో కంటి వైద్యుడి దగ్గర ఒకసారి చేయించుకోండి. అప్పుడూ అదే వస్తే, సిగ్నల్ చూడనక్కర్లేని ఉద్యోగాలు చాలానే ఉన్నాయి. నోటిఫికేషన్‌లో పోస్టు పక్కన రాసే వైద్య కేటగిరీ చూసి దరఖాస్తు పెట్టండి. మీ కొడుకుల గురించి బెంగ వద్దు. మీ నుంచి వాళ్ళకు వెళ్ళేది వై. కూతుళ్ళు మాత్రం అందరూ వాహకులవుతారు.

అమలాపురం నుంచి ఒక పాఠకురాలు: నన్ను మా మేనమామకే ఇచ్చారు. మా మూడేళ్ళ పాపకు థలసీమియా మేజర్. నెలనెలా రక్తం ఎక్కిస్తున్నాం. మా పిన్ని బయటి సంబంధం చేసుకుంది. వాళ్ళ బాబుకు హీమోఫీలియా. పెద్దవాళ్ళు రెండింటినీ కలిపి "రక్తం దగ్గరై ఇలా అయింది, ఆ వంశమే అంత" అంటున్నారు. పిన్నిని అత్తవారు మాటలతో పొడుస్తున్నారు. నాకు రెండో బిడ్డ కావాలని ఉంది. ఆ బిడ్డకు రెండు జబ్బులూ వస్తాయా?

అమ్మా, ఇవి రెండూ రక్తానికి సంబంధించినవే అయినా వేర్వేరు దారుల్లో వచ్చాయి. వీటిని కలిపి మాట్లాడటం వల్లే మీ ఇంట్లో ఇంత బాధ.

థలసీమియా అంటే హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని జబ్బు. దాని జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంది. అది ఆటోసోమ్. జబ్బు రావాలంటే బిడ్డకు రెండు చెడ్డ ప్రతులూ కావాలి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. మీరిద్దరూ ఒక్కో చెడ్డ ప్రతి మోస్తున్నారు, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. ఇక్కడ మేనరికం పాత్ర నిజమే. ఒక చెడ్డ జన్యువు ఒక మనిషిలో ఉంటే, మేనమామ మేనకోడళ్ళలో రెండోవారిలో కూడా అదే ఉండే అవకాశం నాలుగింట ఒకటి. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లల మధ్య అయితే ఎనిమిదింట ఒకటి. ఆ లోపం అరుదైన సమాజంలో బయటి సంబంధం చేసుకుంటే ఈ అవకాశం చాలా తగ్గుతుంది. తగ్గుతుందంతే, పోదు. ఏ బంధుత్వం లేని ఇద్దరు వాహకులు పెళ్ళాడి థలసీమియా బిడ్డను కన్న ఇళ్ళు ఎన్నో. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "బంధువులా?" అని కాదు, "ఇద్దరూ వాహకులా?" అని.

హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, ఎక్స్ మీదిది. పిన్ని బాబుకు ఎక్స్ పిన్ని నుంచే వచ్చింది. వాళ్ళ ఆయన బయటివాడైనా, సొంత మేనబావ అయినా బాబు విషయంలో వెంట్రుకవాసి తేడా ఉండదు, ఆయన ఇచ్చింది వై. మగబిడ్డ హీమోఫీలియాకు మేనరికంతో ఏ సంబంధమూ లేదు. ఈ ముక్క మీ ఇంటి పెద్దలకు చదివి వినిపించండి. పిన్నిని నిందించడానికీ ఆధారం లేదు. తీవ్రమైన హీమోఫీలియా ఉన్న పిల్లల్లో సుమారు మూడింట ఒక వంతు ఇళ్ళల్లో అంతకు ముందు ఎవరికీ ఆ జబ్బు ఉండదు. మార్పు కొత్తగా పుడుతుంది. ఒకవేళ పిన్ని వాహకురాలే అయినా, తన రెండు ఎక్స్‌లలో ఏది ఇవ్వాలో ఎంచుకున్న తల్లి ఈ భూమ్మీద లేదు.

మేనరికం ఎక్స్ జబ్బులో కలగజేసుకునేది ఒక్క ఆడపిల్లల విషయంలోనే, అదీ అన్ని రకాల మేనరికాల్లో కాదు. అబ్బాయి మేనత్త కూతుర్ని చేసుకున్నాడనుకోండి. అతని ఎక్స్ అతని తల్లిది, ఆమె ఆ ఇంటికి బయటి నుంచి కోడలుగా వచ్చిన మనిషి. భార్యకు ఎక్స్‌లు అతని తండ్రి వైపు నుంచి, ఆమె తండ్రి నుంచి వచ్చాయి. అంటే ఇద్దరికీ ఉమ్మడి ఎక్స్ లేదు. అదే మేనమామ కూతుర్ని చేసుకుంటే లెక్క వేరు. అమ్మమ్మ ఎక్స్ ఒకటి అతనికి తల్లి ద్వారా, భార్యకు ఆమె తండ్రి ద్వారా చేరి ఉండొచ్చు. వాళ్ళ కూతురికి రెండు వైపుల నుంచి ఒకే ఎక్స్ ముక్క చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి. కానీ భర్తలో ఆ ఎక్స్ చెడ్డదైతే అతనికే జబ్బు కనిపించాలి కదా. మగవాళ్ళలో దాగి ఉండే హీమోఫీలియా లేదు.

ఇదే మీకు అక్కరకొచ్చే మాట. మీ వారికి చిన్నప్పుడు పన్ను తీసినా, దెబ్బ తగిలినా రక్తం మామూలుగా ఆగిందంటే ఆయన ఎక్స్ మంచిదే. ఇక మీ ఎక్స్ సంగతి చూడాలి. అమ్మమ్మ వాహకురాలైతే మీ అమ్మ వాహకురాలయ్యే అవకాశం సగం, మీకు అందులో సగం, అంటే నాలుగింట ఒకటి. అమ్మమ్మ కొడుకైన మీ వారు ఆరోగ్యంగా ఉండటం ఆ అవకాశాన్ని కొంత తగ్గిస్తుంది, పూర్తిగా కొట్టేయదు.

పని వరుస ఇదీ. మొదట పిన్ని బాబుకు జన్యు పరీక్ష చేయించి మార్పు ఏమిటో పట్టాలి. తీవ్రమైన హీమోఫీలియా 'ఏ' అయితే సగానికి కాస్త తక్కువ మందిలో అది ఫ్యాక్టర్ 8 (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) జన్యువులో ఒక పెద్ద ముక్క తిరగబడటం వల్లే, ల్యాబ్‌లు ముందు దాన్నే వెతుకుతాయి. అదే మార్పు పిన్నిలో ఉందా అని చూడాలి. ఆమెలో లేకపోతే మీ గురించి దాదాపు నిశ్చింత. ఉంటే అప్పుడు మీ అమ్మకు, మీకు. ఈ వరుస తప్పించి నేరుగా మీకు ఫ్యాక్టర్ స్థాయి మాత్రమే చూపించి "నార్మల్" అని ఊరుకోవద్దు. వాహకుల్లో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది, పైగా గర్భంలో ఫ్యాక్టర్ 8 పెరుగుతుంది.

థలసీమియాకు: గర్భం రాకముందే మీ ఇద్దరి రక్తంలో డీఎన్‌ఏ మార్పు ఏదో తేల్చి రిపోర్టు చేతిలో పెట్టుకోండి. మన దేశంలో ఎక్కువగా కనిపించేది ఐవీఎస్ 1-5 అనే మార్పు. ఇది ముందే తెలియకపోతే, గర్భం వచ్చాక ల్యాబ్ చుట్టూ తిరిగేసరికి వారాలు కరిగిపోతాయి. గర్భం నిలిచాక 11-13 వారాల మధ్య మాయ నుంచి చిన్న నమూనా తీసి బిడ్డను పరీక్షిస్తారు. ఆ గడువు దాటితే 16వ వారం తర్వాత ఉమ్మనీరు తీస్తారు. ప్రతి గర్భంలోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటే. "మొదటి బిడ్డకు వచ్చేసింది, ఇక మిగతా ముగ్గురికి రాదు" అనే లెక్క తప్పు. ప్రతిసారీ పాచికలు కొత్తగా పడతాయి.

ఇంట్లో పెళ్ళీడు పిల్లలకు వాహక పరీక్ష చేయించండి. మామూలు రక్త పరీక్షలో ఎర్ర కణాల సైజు (ఎంసీవీ) 80 కన్నా తక్కువ, ఒక్కో కణంలోని హీమోగ్లోబిన్ (ఎంసీహెచ్) 27 కన్నా తక్కువ ఉంటే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హీమోగ్లోబిన్ ఏ2 చూడాలి. అది 3.5 శాతం దాటితే వాహకులు. ఒక్క జాగ్రత్త: ఐరన్ లోపం బాగా ఉంటే ఏ2 తక్కువగా చూపించి వాహకులను దాచేస్తుంది. అలాంటప్పుడు ఐరన్ సరిచేసి మళ్ళీ చేయించాలి.

పాలకొల్లు నుంచి: బట్టతల తల్లి వైపు నుంచే వస్తుందంటారు, నిజమా?

సగం నిజం. పురుష హార్మోనుకు స్పందించే గ్రాహకపు జన్యువు ఎక్స్ మీద ఉంది, దాని పాత్ర పెద్దదే. కాబట్టి అమ్మ వాళ్ళ నాన్న తల చూడటంలో అర్థముంది. కానీ ఆటోసోముల మీది జన్యువులూ చాలా పనిచేస్తాయి, అవి నాన్న నుంచి కూడా వస్తాయి.

తణుకు దగ్గర నుంచి ఒక పెరటి కోళ్ళ రైతు: రోడ్ ఐలాండ్ రెడ్ పుంజును, చారల ప్లైమౌత్ రాక్ పెట్టలను కలిపితే పిల్ల పుట్టిన రోజే పుంజో పెట్టో తల మీద మచ్చ చూసి చెప్పొచ్చన్నారు. నిరుడు చేశాను, సరిగ్గా తేలింది. ఈ ఏడు ఆ పిల్లలనే పెంచి వాటితోనే గుడ్లు పెట్టించాను. మచ్చలు కలగాపులగం అయ్యాయి. ఎక్కడ పొరపాటు?

మీ పొరపాటు కాదు, ఆ పద్ధతి పనిచేసేది ఒక్క తరానికే.

కోళ్ళలో మన లెక్క తిరగబడుతుంది. పుంజుకు రెండు ఒకేలాంటివి (జడ్, జడ్), పెట్టకు వేర్వేరు (జడ్, డబ్ల్యూ). అంటే పెట్ట తన ఒక్క జడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్ళకు డబ్ల్యూ ఇస్తుంది. ఈక మీద అడ్డచారలు తెచ్చే జన్యువు జడ్ మీదిది, బహిర్గతం, అంటే ఒక్క ప్రతి ఉన్నా కనిపిస్తుంది. చారల పెట్ట నుంచి ఆ జన్యువు పుంజు పిల్లలకు మాత్రమే చేరుతుంది. పెట్ట పిల్లలకు ఎర్ర పుంజు జడ్ చేరుతుంది, అందులో చారలు లేవు.

పొదిగిన రోజు పిల్లను అరచేతిలోకి తీసుకుని తల మీద వేలితో నూగు పక్కకు తీసి చూడండి. ఒళ్ళంతా నల్ల నూగు, నడినెత్తిన తెల్లటి లేదా పసుపు మచ్చ ఉంటే పుంజు. మచ్చ లేకుండా తలంతా నలుపైతే పెట్ట. నూగు తడి ఆరాకే చూడాలి, తడిగా ఉంటే మచ్చ కలిసిపోతుంది. ఈ ఒక్క పిల్లలోనే రెండు రకాల వారసత్వం కనిపిస్తుంది. ఒంటి నలుపు కూడా తల్లి నుంచే వచ్చింది, కానీ ఆ జన్యువు ఆటోసోమ్ మీదిది కాబట్టి కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా వచ్చింది. నెత్తి మీది మచ్చ జడ్ మీదిది, అది కొడుకులకే వచ్చింది. తల్లి ఒక్కటే, ఇచ్చిన దారులు రెండు.

రెండో తరంలో మీ పుంజుకు ఒక చారల జడ్, ఒక చారల్లేని జడ్ ఉన్నాయి. పెట్టకు చారల్లేని జడ్ ఒక్కటే ఉంది. వీటి పిల్లల్లో పుంజుల్లో సగం, పెట్టల్లో సగం చారలతో పుడతాయి, అంటే మచ్చ చూసి ఏదీ తేలదు. అందుకే అసలు జాతుల తల్లిదండ్రులను వేరుగా ఉంచి, ప్రతి ఏడూ వాటితోనే గుడ్లు పెట్టించాలి. జాతులను తారుమారు చేసి చారల పుంజును ఎర్ర పెట్టలకు వేసినా పనికిరాదు, పిల్లలన్నింటికీ చారలే వస్తాయి. తెల్ల లెగ్‌హార్న్ పుంజును వాడినా అంతే. వాటి తెలుపు ఒక ఆటోసోమ్ జన్యువు, అది నలుపును కప్పేస్తుంది, మచ్చ చూడటానికి నల్ల నూగే ఉండదు.

పెద్ద హేచరీల్లో రెక్క చూసి వేరుచేసేది కూడా జడ్ సూత్రమే. ఈక నెమ్మదిగా వచ్చే పెట్టను, త్వరగా వచ్చే పుంజుతో కలుపుతారు. పుట్టిన ఒక రోజు లోపు రెక్కను విసనకర్రలా విప్పితే, పెట్ట పిల్లకు కింది వరుస ఈకలు పై వరుస కన్నా పొడవుగా ఉంటాయి. పుంజు పిల్లకు రెండు వరుసలూ సమానంగా, లేదా కిందివి పొట్టిగా ఉంటాయి. ఆలస్యం చేస్తే ఈకలు పెరిగి తేడా చెదిరిపోతుంది.

రాజోలు నుంచి ఒక తల్లి: బాబు పుట్టిన మూడో రోజు కామెర్లు వచ్చి నీలి దీపాల కింద ఉంచారు. జీ6పీడీ తక్కువన్నారు. చిక్కుడుకాయ పెట్టొద్దని అత్తయ్య అంటోంది. పెద్దమ్మాయికి కూడా పరీక్ష అవసరమా?

జీ6పీడీ ఎర్ర కణాలను కాపాడే ఎంజైమ్. మన పెరటి చిక్కుడు వేరు, జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళు మానాల్సిన ఫావా చిక్కుడు వేరు. రెండూ వేర్వేరు మొక్కలు. మీ ఇంట్లో అంతకన్నా దగ్గరి ప్రమాదం ట్రంకు పెట్టెలోని కలరా ఉండలు. పసివాడికి మెత్తగా ఉంటాయని పాత నూలు చీర ముక్కలు పెట్టెలోంచి తీసి నేరుగా చుట్టేస్తుంటారు. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరి ఎర్ర కణాలను చిదిపేస్తుంది. ఇంట్లోంచి వాటిని తీసేయండి, ఆ బట్టలను ఉతికి, ఎండలో ఆరేసి గానీ వాడొద్దు. మందుల్లో ప్రైమాక్విన్, డాప్సోన్, నైట్రోఫ్యురాంటాయిన్ ముఖ్యమైనవి. ఏజెన్సీ వైపు వెళ్ళి వచ్చాక మలేరియా జ్వరం అంటే ప్రైమాక్విన్ రాసేముందే ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఒక కార్డు మీద రాసి బాబు టీకాల పుస్తకానికి పిన్ చేయండి. మూత్రం డికాషన్ రంగులోకి మారినా, కళ్ళు పచ్చబడి ఒళ్ళు పాలిపోయినా అదే పూట ఆసుపత్రికి.

ఈ జన్యువూ ఎక్స్ మీదే ఉంది, కాబట్టి అమ్మాయి సంగతి కాస్త మెలికగా ఉంటుంది. ఆడపిల్ల ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి చాలావరకు మూతపడి ఉంటుంది. 1961లో మేరీ లయన్ చెప్పిన సంగతి ఇది. ఏది మూతపడుతుందో కణం కణానికీ మారుతుంది. వాహకురాలైన అమ్మాయిలో కొన్ని ఎర్ర కణాలు మంచివి, కొన్ని బలహీనమైనవి ఉంటాయి. బలహీనమైనవి ఎక్కువ పడితే ఆమెకూ లక్షణాలు రావచ్చు. "ఆడపిల్లకు రాదు" అని వదిలేయకండి, పరీక్ష చేయించండి, ఎంత శాతం ఉందో అంకెల్లో చెప్పే పరీక్షే అడగండి. కణాలు చితికిన కొద్ది రోజుల్లోనే చేస్తే అప్పుడే తయారైన లేత కణాల్లో ఎంజైమ్ ఎక్కువగా ఉండి రిపోర్టు మామూలుగా వచ్చేస్తుంది. అలాంటి అనుమానం ఉంటే మూడు నెలలు ఆగి మళ్ళీ చేయించాలి.

రావులపాలెం నుంచి: పాలు ఆడవాటికే కదా. గేదె పాల దిగుబడి కూడా లింగ సహలగ్నమేనా, అంటే ఎక్స్ మీదిదేనా? దున్నపోతును చూసి లాభమేమిటి?

కాదు. దిగుబడిని నిర్ణయించే జన్యువులు ఎన్నో, ఎక్కువ భాగం ఆటోసోముల మీదే ఉన్నాయి. దున్నపోతులోనూ ఉంటాయి, పొదుగు లేదు కాబట్టి బయటపడవు. దూడకు సగం జన్యువులు దాని నుంచే వస్తాయి. కట్టించేముందు ఆ ముర్రా దున్న తల్లి ఎన్ని లీటర్లిచ్చిందో, దానికి పుట్టిన పెయ్యలు ఈనాక ఎన్ని ఇస్తున్నాయో అడగండి. రెండూ తెలిస్తే రెండో అంకెనే నమ్మండి.